కాకిలెక్క

జనవరిలో మా డొనెగల్ తీరాన
పొద్దు తొమ్మిదింటికి గాని లేవదు,
లేచినా దుప్పటి తీయదు.
ఐసు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
వేళ్ల సందుల్లో ఇంకా మంచుపొడి కరుగుతుండగా
ఇంటిదారి పట్టినవాణ్ణి
సోర్చా మెక్‌గిన్లీ కేకేసింది:
"ఫియాక్రా, నీ కళ్లు ఒక్క పూట అప్పివ్వు."

నలభై ఏళ్లు వలలు కుట్టిన మనిషి.
ఎడమ కంట్లో శుక్లం, కుడికన్ను టెలిస్కోపుకి.
చెవి మీద పెన్సిలు.
పెన్ను ఈ వానకి ఏడుస్తుందట.
రేవు గోడలో పేర్లు చెక్కిన రాయి ఉంది కదా,
ఆ రాయి పక్కనే ఎప్పుడూ ఆవిడ స్టాండు.
నా అరచేతిలో ఒక మీట పెట్టింది.
నొక్కితే టిక్కు. టిక్కుకొక పిట్ట.

"గుంపుని చూడకు. ఓ కొస నుంచి రా,
వల కళ్లు లెక్కబెట్టినట్టు."

ట్రాలరు కడుపులోంచి గొట్టాల వెంట కానాగంతలు దిగుతుంటే
ఫ్యాక్టరీ రేకుల మీద సీగల్స్
సంతలో వాటాలు తెగని అన్నదమ్ముల్లా అరుస్తున్నాయి.
నాలుగొందల పన్నెండు.
పదమూడు.
ఒకటి లేచింది.
దాంతో అన్నీ లేచాయి.

మళ్లీ మొదటికొచ్చాం. మళ్లీ లేచాయి.
"ఐదొందలు వేసేద్దాం, ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.
టెలిస్కోపు మీంచి ముఖం ఎత్తకుండానే అంది:
"సముద్రపు కాకులే కావచ్చు,
కాకిలెక్క మాత్రం నేను రాయను."

ప్యాలెట్ల కింద, తడి తాళ్ల చుట్టల్లో
రాళ్లు తిరగేసుకు బతికే బుల్లి పిట్టలు.
ఇక్కడ రాళ్లు దొరక్క సిగరెట్ పెట్టెలు తిరగేస్తున్నాయి.
పద్దెనిమిది.
అందులో ఒకటి కుంటిది.
కుంటిదానికీ ఒక టిక్కే.
గట్టు చివర నీటికాకులు పదకొండు,
రెక్కలు ఆరేసుకుని, ఆరని బట్టల్లా.

పదకొండింటికి డబ్లిన్ కార్లు దిగాయి.
ఫిరంగులంత లెన్సులు, కొత్త బూట్లు.
మంచుదేశం నుంచి దారి తప్పిన తెల్ల పిట్ట కోసం.
రెక్కల కొసల్లో కూడా నలుపు లేదు దానికి.
చేప పేగుల్లో మోకాళ్లు ఆనించి ఒకాయన
కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
మాకది రెండు వారాలుగా తెలుసు.
మా ఫ్యాక్టరీలో దాని పేరు మేనేజరు:
పని ముట్టదు, చుట్టూ తిరుగుతుంది.
"సోర్చా, అటు చూడవా?"
"చూశాను. అదొకటి.
ఒకటని రాయి."

మూడు దాటింది. వెలుగు పల్చబడింది.
ఫ్లాస్కులో టీ అడుగంటి బురద రుచి.
అప్పుడు, లంగరు వేసిన పడవల నడుమ
బూడిదరంగు డైవర్, బాకులాంటి ముక్కుతో.
మీట నొక్కబోయాను.
మునిగింది.
చప్పుడు లేదు, అల లేదు,
డీజిలు తెట్టు మీద రంగులు కాస్త జరిగి మళ్లీ సర్దుకున్నాయి.

ఎందుకో దాంతోపాటు నేనూ ఊపిరి బిగబట్టాను.
ఇరవై. ముప్పై. నలభై దగ్గర చెవుల్లో గుయ్‌మంది.
యాభైకి ఓడిపోయాను.
అది రాలేదు.
ఎర్ర బోయా దగ్గర చూశాం, గట్టు నీడలో చూశాం,
పడవకీ పడవకీ మధ్య చీకటి నిండేదాకా చూశాం.

"లేదు," అన్నాను. "కొట్టెయ్యి.
తేలింది చూడలేదుగా."

ఆవిడ చాలాసేపు రేవు నోటివైపే చూసింది.
"మునగడం చూశాం కదా."
పెన్సిలు నాలికకి తడిపి
గడిలో ఒకటి వేసింది, కాస్త ఒత్తి.

ఇది కాకిలెక్కో కాదో నేను అడగలేదు.

రాత్రి మళ్లీ షిఫ్టు.
పార పట్టుకుని ఐసు తోస్తున్నాను,
నీళ్లవైపు తలుపు ఓరగా వదిలేసి.
జేబులో ఏదో గుచ్చుకుంటే చూశాను:
మీట, తిరిగివ్వడం మరిచాను.
బయట నీళ్లు నల్లగా, కదలకుండా.
నొక్కలేదు.
ఊపిరి మాత్రం
బిగబట్టి ఉంది.